పేరు చదివాను, తేదీ చదవలేదు

కరోనా ఉపద్రవం అణగిన రెండవ సంవత్సరం అది. జ్యేష్ఠం ముగుస్తున్నది. కార్వాన్ వీధులలో బోనాల పాటల సాధన మొదలయ్యే కాలం. ఆ వీధులలోనే ఒక ఇరుకు మలుపులో నా కంప్యూటర్ కేంద్రం ఉన్నది. గోదావరి ప్రాంతంలోని ప్రాచ్య కళాశాలలో ఛందోవ్యాకరణాలు చదువుకొని, ఉద్యోగార్థినై ఈ నగరానికి వచ్చి, ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి నేను. పాఠశాల మూతపడిన తరువాత శుభలేఖలు కంపోజు చేయడం నేర్చుకున్నాను. శుభలేఖల నుంచి దరఖాస్తులకు, దరఖాస్తుల నుంచి మరచిపోయిన పాస్‌వర్డులు తిరిగి తెప్పించే పనికి జీవిక తనంతట తానే మళ్లింది.

ఈ వృత్తిలో తరచుగా వచ్చే పని ఒకటున్నది. ఫోనులో మనం తీసిన ఫోటోలు, చేసిన రికార్డింగులు ఫోనులోనే ఉండిపోవు. మన పేరున ఎక్కడో దూరాన ఒక కొట్టు గది ఉన్నట్లు, ఆ కంపెనీవారి యంత్రాలలో వాటి ప్రతులు చేరుతూ ఉంటాయి. దానినే క్లౌడ్ అంటారు. ఒకే పాస్‌వర్డుతో ఎన్ని ఫోనులనుంచైనా ఆ గది తలుపు తీయవచ్చు. అలా తలుపు తీసిన ఫోనుల జాబితా ఖాతా సెట్టింగులలో, భద్రత అనే శీర్షిక కింద ఉంటుంది. ఒక్కొక్క ఫోను పేరు, దాని కింద సన్నని అక్షరాలతో అది చివరిసారి ఖాతాను తెరచిన తేదీ. ఈ జాబితా చదవడానికి పెద్ద విద్య అక్కరలేదు. రెండు పంక్తులూ చదివే ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక నాకు లోపించిన ఒక ఉదయాన్ని గురించి ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ సోమవారం నర్సింగ్ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. అతడు నీటి సరఫరా విభాగంలో లైన్‌మన్. వీధి కుళాయిలకు నీరు వదలడం అతని ఉద్యోగం, మా వీధి భజన మండలికి పాటలు కట్టడం అతని ప్రాణం.

"సారూ, నా ఖాతల ఎవడో జొర్రిండు. జర తీసి చూడు" అన్నాడు, ఫోను బల్లమీద పెట్టి.

"ఎవరో అంటే?"

"ఎవడో ఏంది, మల్లేశంగాడే! నాకు ఎర్కనే. నువ్వు చూపిస్తె చాలు, నల్గుట్ల పెడ్త."

మల్లేశం బేగంబజార్‌లో స్టీలు సామాను మూటలు మోసే హమాలీ. పన్నెండేళ్లపాటు నర్సింగ్ కట్టిన ప్రతి పాటనూ పాడినవాడు అతడే. ఆ గొంతును వర్ణించడం నాకు ఇష్టం లేదు, కాని నిజం చెప్పాలి: అతడు రాగం ఎత్తుకుంటే మిద్దెల మీది స్త్రీలు పని మాని పిట్టగోడ దగ్గరకు వచ్చేవారు. ఒక ఏడు ఉత్సవాల చివర బస్తీవారు శాలువ తెచ్చి మల్లేశానికి ఒక్కనికే కప్పారు. "పాట కట్టింది నేను, శాలువ వానికా!" అని నర్సింగ్ ఆ నాటినుంచి మాట మానుకున్నాడు. మల్లేశం కొన్నాళ్లు చూసి, ఇల్లు ఖాళీ చేసి కిషన్‌బాగ్‌కు వెళ్లిపోయాడు. అయినా ఏటా బోనాల ఘటాల ఊరేగింపు నాడు మాత్రం కార్వాన్ వచ్చి పాత పాటలే పాడి పోయేవాడు.

ఇప్పుడు జరిగిందేమిటంటే, నర్సింగ్ ఈ ఏటికని కట్టి, ఇంకా ఎవరికీ వినిపించని పాటను కిషన్‌బాగ్‌లో మల్లేశం పాడుతున్నాడు. ఎవరో తీసిన ఇరవై సెకన్ల వీడియో నర్సింగ్ నాకు చూపించాడు.

నల్లా నీళ్లు రాని నాడు నవ్వుకుంట వచ్చెనమ్మ
కుండ ముందు కూసోని కూలి అడగకున్నదమ్మ

"గిది నా ఫోన్ల తప్ప ఏడ లేదు సారూ. నా పెండ్లానికి సుత వినిపియ్యలె. వాని నోట్లెకు ఎట్ల వోయింది?"

ఆ వీడియో చూస్తున్నప్పుడు నా మనసులో నర్సింగ్ గోడు కన్న ముందు మరొకటి కదిలింది. దాచను. ఏడేళ్ల కింద మండలివారు నన్ను కూడా ఒక పాట వ్రాయమన్నారు. నేను పది రోజులు శ్రమించి, యతిప్రాసలు తప్పకుండా, సీసమాలిక వంటి ఒక దీర్ఘగీతం కట్టి ఇచ్చాను. మల్లేశం దానిని వీధిలో ఎత్తుకున్నాడు. రెండు చరణాల వరకూ ఒక్క గొంతూ కలవలేదు. మూడో చరణంలో అతడు నా మాటలు వదలి, అప్పటికప్పుడు తోచిన ఏదో ఒక పంక్తి అందుకున్నాడు. వీధి వీధంతా అతనితో గొంతు కలిపింది. తరువాత నా దగ్గరకు వచ్చి, నవ్వుతూ, "సారూ, మీ పాట మస్తుంది గని, దప్పు కొట్టెటోనికి ఊపిరి తీస్కునే జాగ లేదు" అన్నాడు. అందులో ద్వేషం లేదు. అందువల్లనే అది నాలో మరింత లోతుగా దిగింది. అక్షరం ముక్క రాని ఒక హమాలీ నోట పుట్టిన పంక్తి పసిపిల్లలకు సైతం వచ్చు. నా గీతం నా బీరువాలో ఉన్నది.

నర్సింగ్ ఫోను తీసుకొని ఖాతా తెరిచాను. భద్రత, దాని కింద మీ పరికరాలు. జాబితా వచ్చింది. నాలుగు పేర్లు. మొదటిది నర్సింగ్ ఫోను. రెండవదీ నర్సింగ్ ఫోనే. మూడవది నా కేంద్రంలోని కంప్యూటర్, ఎప్పుడో ఫోటోలు ప్రింటు తీసినప్పటిది. నాలుగవది మల్లేశం ఫోను. ఇద్దరూ స్నేహంగా ఉన్న రోజులలో, రికార్డు చేసిన పాటలు ఇద్దరూ వినడానికి వీలుగా, రెండు ఫోనులలోనూ ఒకే ఖాతాను నేనే అమర్చి ఇచ్చాను. విడిపోయిన తరువాత పాస్‌వర్డు మార్చాలన్న ఊహ ఎవరికీ రాలేదు.

"ఉన్నది" అన్నాను.

"ఎవని పేరు?"

"మల్లేశం."

ఆ పేరు పలికినప్పుడు నాలుకకు ఒక తీపి తగిలింది. పేరు కింద తేదీ ఉన్నది. అది రెండేళ్లనాటిది. ఈ పాట పుట్టక ముందే ఆ ఫోను ఈ ఖాతా తలుపు తట్టడం మానేసింది. నేను ఆ తేదీని చూడలేదని చెప్పుకోవడానికి వీలు లేదు. చూశాను. కళ్లజోడు సవరించుకొని మరీ చూశాను.

నర్సింగ్ తల వంచి తెర మీదికి చూశాడు. అక్కడంతా ఇంగ్లీషు. అతడు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కోగలడు.

"గీ కింద సన్నగ రాసిందేంది సారూ?"

"అది యంత్రానికి సంబంధించిన వివరం. నీకు అక్కరలేదు" అన్నాను.

నా వృత్తి జీవితంలో నేను ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. పుట ప్రింటు తీసి, మల్లేశం పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి ఇచ్చాను. పని పూర్తయినందుకు నర్సింగ్ నాకు రెండు చేతులా నమస్కారం పెట్టాడు.

గురువారం సాయంత్రం బస్తీ పెద్దలు కూర్చున్నారు. మండలి పెద్ద ఈశ్వరయ్య కాగితాన్ని చేత పట్టుకొని నా వైపు చూశాడు. ఇంగ్లీషు చదివి చెప్పవలసినవాణ్ణి నేనే కదా.

"పంతులు సారూ, పేరున్నదా, లేదా?"

"ఉన్నది" అన్నాను. అడిగినంత మేరకు అది సత్యమే.

మల్లేశం బజారు నుంచి నేరుగా వచ్చాడు. భుజం మీద తువాలు ఇంకా అలాగే ఉన్నది. జేబులోంచి మీటల ఫోను తీసి చూపించాడు. "నాకాడ గిదే ఉన్నది. ఆ పెద్ద ఫోను ఎన్నడో నీళ్లల్ల వడి సచ్చింది."

"దొంగ ఎన్నడన్న ఫోను ఎంబడి తెస్తడా?" అని ఎవరో వెనుకనుంచి అన్నారు.

మల్లేశం నర్సింగ్ ముఖంలోకి చూసి, "అరే, నువ్వు పంపితెనే కదరా పాడిన!" అన్నాడు.

గుంపు పకపక నవ్వింది. "పంపిండట! ఏ పోస్టుల పంపిండు భాయ్? మనియార్డరా?" అని ఒకరు, "శాలువ సుత దాంట్లనే పెట్టిండా?" అని ఇంకొకరు. నర్సింగ్ మాత్రం నవ్వలేదు. "నీకు పంపే గతి నాకు వట్టలే" అన్నాడు. మల్లేశం ముఖం ఆ మాటతో మారిపోయింది. పాట తనకెలా చేరిందో చెప్పకుండానే మీటల ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఈ ఏటి ఘటాల ఊరేగింపులో కార్వాన్‌లో అతడు పాడరాదని తీర్పు అయింది. ఇరవై ఏళ్లలో అతని గొంతు లేని ఊరేగింపు అదే మొదటిది కాబోతున్నది. నేను ఇంటికి నడిచి వచ్చాను. ఆ సాయంత్రం నాకు ఆకలి బాగా వేసింది.

తొమ్మిది రోజుల తరువాత నర్సింగ్ మళ్లీ వచ్చాడు. ఈసారి కోపం లేదు, విసుగు.

"సారూ, జాగ నిండిందని ఒక్కటే లొల్లి వెడుతున్నది. ఉన్నయే ముప్పై పాటలు. గింతల్నే ఎట్ల నిండె?"

క్లౌడ్‌లో ఒక్కొక్క ఖాతాకు ఇంతని చోటు ఉంటుంది. పాటలు ముప్పై అయితే అందులో మూలకు కూడా రావు. ఫోటోల అర తెరిచి చూశాను. రవికలు! వందలకొద్దీ రవికలు. వీపు మీద కుట్టుపని, చేతుల అంచులు, మెడ కొలతలు, కత్తెర పక్కన పరచిన గుడ్డ ముక్కలు.

"ఇవి నీవేనా?"

నర్సింగ్ చూసి బిత్తరపోయాడు. "అయ్యో సారూ! నా పెండ్లాం చూస్తె సంపుతది. గివి నాయెందుకైతయి?"

ప్రతి ఫోటోకూ అది ఏ ఫోనుతో తీసినదో వివరం ఉంటుంది. తెరిచాను. నర్సింగ్ ఫోను. కాని నా బల్లమీద ఉన్న నమూనా కాదు, దానికి ముందటి నమూనా. అప్పుడు పరికరాల జాబితాకు తిరిగి వెళ్లాను. నర్సింగ్ పేరున రెండు ఫోనులు. ఒకటి ఎదుట ఉన్నది. రెండవదాని కింద సన్నని అక్షరాలతో ఆ నాటి తేదీయే ఉన్నది, పావుగంట కిందటి సమయంతో సహా. సోమవారం కూడా అక్కడ ఆ రోజు తేదీయే ఉండి ఉంటుంది. రెండు పంక్తుల కిందనున్న పేరు కోసం నా కన్ను ఎంత ఆత్రంగా దిగిందంటే, ఈ రెండవ ఫోను కింది తేదీని చూడనే లేదు.

"నీ పాత ఫోను ఏమైంది?"

"అద్దం వగిలింది. ఇంట్ల పడున్నది."

ఇంటికి ఫోను చేశాడు. భార్య సుగుణమ్మ గొంతు నాకు కూడా వినబడింది: "గదా? పాత ఫోన్లకు గిన్నెలిచ్చెటామె వస్తె ఇచ్చిన. గంజు ఇచ్చింది, మూత సుత ఇచ్చింది. నిన్న పప్పు వండింది గా గంజులనే. మస్తు తిన్నవ్ గద, ఇప్పుడేంది లొల్లి?"

మా వీధులలో ఇది అందరూ చేసేదే. తలవెంట్రుకలకు, పాత చీరలకు గిన్నెలు ఇచ్చే స్త్రీలు ఇప్పుడు చెడిన ఫోనులకు కూడా ఇస్తున్నారు. అద్దం పగిలింది కాబట్టి ఫోను చచ్చిందని ఇల్లాలు అనుకుంటుంది. లోపల ఖాతా బ్రతికే ఉంటుంది. అద్దం మార్చి ఎవరికో అమ్ముతారు. అటు తరువాత ఇతడు పాడి దాచిన ప్రతి పాటా అక్కడ వినిపిస్తుంది, అక్కడ తీసిన ప్రతి ఫోటో ఇక్కడికి వచ్చి పడుతుంది. ఈ రాకపోకలనే మా వృత్తిలో సింక్ అంటారు.

నేను అప్పుడే నర్సింగ్‌తో చెప్పవలసింది చెప్పాను. మల్లేశం పేరు కింది తేదీ రెండేళ్లనాటిదని, నేను దానిని చూసి కూడా చదివి వినిపించలేదని చెప్పాను.

"ఎందుకు సారూ?"

"అతడంటే నాకు కంటగింపు."

"నీక్కూడానా?" అన్నాడు నర్సింగ్. ఆ ఒక్క మాటలో నింద కన్న ఆశ్చర్యమే ఎక్కువ.

పోయిన ఫోను ఎక్కడున్నదో ఖాతాలోని పటం చూపుతుంది. చుక్క కిషన్‌బాగ్‌లో ఉన్నది. మధ్యాహ్నం ఇద్దరమూ ఆటోలో వెళ్లాము. ఒక మేడ కింద కుట్టుమిషను ముందు యాదమ్మ అనే నడివయసు దర్జీ కూర్చుని ఉన్నది. మేము సంగతి చెప్పగానే ఆమె మిషను ఆపి, బల్ల సొరుగులోంచి ఫోను తీసింది.

"దొంగ సొమ్ము గాదన్నా, రశీదున్నది. సెకండ్ హాండ్ల కొన్న. పాటలా? అవి దాంట్లనే వచ్చి పడుతయి. ఫోన్లకు గట్లనే వస్తయేమో అనుకున్న. మంచిగున్నయని మా వాడకట్టు ఆడోళ్లకు వినిపిచ్చిన."

"మల్లేశం ఎట్ల నేర్చుకుండు?" అని నర్సింగ్ అడిగాడు.

"మేం పాడుతుంటె గా మల్లేశమన్న ఆగిండు. ఫోను చెవి కాడ పెట్టుకొని విన్నడు. మూడుసార్లు విన్నడు. విని కండ్లు తుడుసుకుండు. 'మా నర్సింగ్ గొంతిది. మొకం చూస్కొని ఇయ్యలేక గిట్ల పంపిండు' అన్నడు. ఆఖరి చరణం ఆయననే కట్టిండు."

"ఏ చరణం?"

మల్లేశం పాడుతుండగా తాను రికార్డు చేసిన పూర్తి పాటను ఆమె వినిపించింది. ఇరవై సెకన్ల వీడియో ఆగిన చోటునుంచి మల్లేశం ఇంకా పాడుతూనే ఉన్నాడు. చివర,

కార్వాను నర్సన్న కట్టిన మాటమ్మ
మోసెటోని గొంతుల మూటగ నిలిచెనమ్మ

ఈ ప్రాంతపు పాటలలో కట్టినవాని పేరు చివరి చరణంలో నిలపడం ఆచారం. దొంగిలించినవాడు ఆ పేరు చెరిపివేస్తాడు. ఇతడు లేని పేరు తెచ్చి చేర్చాడు. నర్సింగ్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. యాదమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు తట్టిన మొదటి ఆలోచన, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఆ చరణం ఎంత బాగున్నదన్నది. రెండవది, అది నాకెందుకు తోచదన్నది. పశ్చాత్తాపం మూడవ స్థానంలో వచ్చింది.

మరుసటి గురువారం పెద్దల ఎదుట నేనే నిలబడ్డాను. జాబితాను మొదటినుంచి చివరివరకు, పేరూ తేదీ కలిపి, ఒక్కొక్కటిగా చదివి తెలుగులో చెప్పాను. మొదటిసారి సగం చదివానని, తెలిసే చదివానని చెప్పాను. ఈశ్వరయ్య తల అడ్డంగా ఊపాడు. "చదువుకున్నోళ్లు గిట్ల జేస్తె, చదువు రానోళ్లం మేం ఎవని అడగాలె సారూ?" అన్నాడు.

తీర్పు అక్కడికక్కడే రద్దయింది. నర్సింగ్ స్వయంగా కిషన్‌బాగ్ వెళ్లి పిలిచాడు. మల్లేశం రాలేదు. "యాదమ్మోళ్లకు మాటిచ్చిన. మాట దప్ప" అన్నాడట. కోపంగా అనలేదట. ఆ ఏడు కార్వాన్ ఊరేగింపులో నర్సింగ్ తన పాట తానే ఎత్తుకున్నాడు. పల్లవి ఎక్కవలసిన మెట్టు దగ్గర గొంతు జీరపోయింది. జనం మర్యాదకు కాసేపు కలిపి, మెల్లగా దప్పుల వెంట ముందుకు సాగిపోయారు. మిద్దెల మీద ఎవరూ పిట్టగోడ దగ్గరకు రాలేదు. ఒక పాట ఒక వీధిలో చచ్చిపోవడం చూశాను. దానిలో నా చేయి ఉన్నది.

యాదమ్మ ఫోనును నర్సింగ్ ఖాతానుంచి తొలగించడం, ఆమె రవికల ఫోటోలన్నీ ఆమెకు వేరే ఖాతా తెరిచి అందులోకి చేర్చడం, పాస్‌వర్డు మార్చడం, ఇవన్నీ నేను రుసుము లేకుండా చేశాను. మల్లేశం పేరును మాత్రం జాబితాలో అలాగే ఉంచమన్నాడు నర్సింగ్. "ఉండనీ సారూ, సచ్చిన ఫోనే గద" అన్నాడు. నేను ఒప్పుకున్నాను.

శ్రావణం వచ్చాక ఒక మధ్యాహ్నం మల్లేశం తానుగా నా కేంద్రానికి వచ్చాడు. తువాలుతో కుర్చీ దులిపి కూర్చున్నాడు. నర్సింగ్ కూడా వెంట ఉన్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు, కాని ఆచితూచి, కొత్తగా కలిసిన బంధువుల వలె.

నేను క్షమించమన్నాను. "ఇడువు సారూ. నీ పాట గప్పుడు నేను సగంల ఇడిసిన. నా పేరు నువ్వు సగం జదివినవ్. బరాబర్ అయింది" అని నవ్వాడు. అప్పుడు నా ఎదుటనున్న తెరవైపు చూపు విసిరి అన్నాడు: "గీ లిస్టుల నా పేరు ఇంక ఉన్నదట గద. తీసెయ్యి."

"ఉండనీరా" అన్నాడు నర్సింగ్. "యాదికుంటది."

"యాదికి గాదు. రేపు మల్ల ఏదన్న వోతె, మల్ల నేనే దొంగనైత. తీసెయ్యి సారూ."

నర్సింగ్ తల దించుకున్నాడు. సైన్ అవుట్ అనే మీట ఎక్కడున్నదో చూపించాను. మల్లేశం మూటలు మోసి కాయలు కాసిన వేలితో తానే నొక్కాడు. పేరు, దాని కింది తేదీ రెండూ ఒక్కసారిగా తొలగిపోయాయి.

ఆ తరువాత నా పని తీరులో ఒక్కటే మార్చుకున్నాను. తమ ఖాతాలో ఏ ఫోనులున్నాయో చూడమని వచ్చినవారికి అప్పటికప్పుడే చూసి, తేదీ ముందు, పేరు తరువాత చదివి చెబుతాను. ఫలానావాడే, మీరు చూపించండి చాలు, అని పేరుతో సహా వచ్చినవారిని మాత్రం ఆ రోజు పంపివేసి, మరునాడు రమ్మంటాను. ఆ ఒక్క రాత్రి వారికెంత అవసరమో నాకూ అంతే అవసరం. మరునాడు కొందరు రారు.